కనుమ నాడు కూడా కదిలిన ఊరు

మా కోనసీమలో రాయి చూడాలంటే గుడికో, కాలవ రేవుకో వెళ్ళాలి. నేల తవ్వితే మట్టి, ఇంకాస్త తవ్వితే ఇసుక, ఆ తర్వాత నీళ్ళు. అక్కడే పుట్టి, అక్కడే హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతూ, ఏటా పిల్లలకు భూమి పలకల పాఠం, అంటే నేల పైపొర ముక్కలుగా విడిపోయి కదులుతుండే సంగతి, నడిపిస్తాను. బోర్డు మీద మూడు బొమ్మలు వేస్తాను: ఎదురెదురుగా వచ్చి ఢీకొనేవి, ఒకదానికొకటి దూరమయ్యేవి, పక్కపక్కన ఒరుసుకుంటూ పోయేవి. ఉదాహరణలు కూడా మారవు. హిమాలయాలు, అట్లాంటిక్ అడుగున ఉన్న పర్వతశ్రేణి, కాలిఫోర్నియా. అన్నీ అంచుల సంగతులే. పలక నడిమధ్యలో ఏం జరుగుతుందో పుస్తకంలో బొమ్మ ఉండదు, పిల్లలూ అడగరు.

ఉస్మానియాలో జియాలజీ చదువుతున్న మా అన్నయ్య కూతురు మాత్రం "నడిమధ్య చూడాలంటే మా ఊరు రా అత్తా, నేను తిప్పుతాను" అని ఎప్పటినుంచో పిలుస్తోంది. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఆంధ్ర వైపు బయలుదేరుతుంటే నేను ఎదురు వెళ్ళాను. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది, అది ఇక్కడ అనవసరం. ఎదురు వెళ్ళడంలో లాభాలున్నాయి: రైల్లో చోటు, ఊళ్ళో ఖాళీ రోడ్లు.

జనవరి 10, మౌలాలి

తార్నాకలో అన్నయ్య ఇల్లు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా వదిన చేతిలో పెట్టి, కాఫీ తాగేలోపే అమ్మాయి ఆటో పిలిచేసింది. మౌలాలి గుట్టకు నూట ఇరవై రూపాయలు. "మొక్కు ఉందా అమ్మా?" అని అడిగాడు డ్రైవరు. రాళ్ళు చూడటానికి వెళుతున్నామంటే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "రాళ్ళ కోసం ఆటో ఎందుకమ్మా, ఈ ఊళ్ళో ఎటు చూసినా అవే కదా!"

ఆయన అన్నది నిజమే, కానీ మౌలాలి వేరు. అది రాళ్ళ గుట్ట కాదు, ఒకే రాయి. బోర్లించినట్టు గుండ్రంగా, నున్నగా పైకి లేచి ఉంటుంది. పైన దర్గా. నాలుగు వందల ఎనభై పైచిలుకు మెట్లు. మెట్ల మొదట్లో పూలూ అగరుబత్తీలూ అమ్మే పెద్దావిడ చెప్పులు చూసుకోవడానికి పది రూపాయలు తీసుకుని, నా చీర కొంగు వైపు చూపించి తల మీద వేసుకోమని సైగ చేసింది. మాతో పాటు ఎక్కుతున్న వారిలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ కొంగు కప్పుకునే ఎక్కుతున్నారు.

సగం దూరం ఎక్కాక మేనకోడలు కూర్చోబెట్టింది, నా ఆయాసం చూసి. పక్కన రాయి పెద్ద పెద్ద రేకులుగా లేచి ఉంది, ఉల్లిపొర ఊడినట్టు. ఒక్కో పొర మందం మూరెడు ఉంటుంది. "ఇది భూమి లోపల కిలోమీటర్ల లోతులో గట్టిపడిన రాయి అత్తా. పైనున్న బరువంతా కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయింది. అణిచిపెట్టేది లేకపోయేసరికి రాయి కాస్త ఉబ్బింది, పైపొరలు లేచాయి." గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి వయసే 450 కోట్లు. అంటే సగానికి పైగా చరిత్రకు ఈ రాయి సాక్షి.

నాకు కావలసిన మాట ఆ తర్వాత వచ్చింది. ఇంత గ్రానైటు ఇక్కడికి ఎలా వచ్చింది? ఆ కాలంలో ఇది పలక నడుమ కాదు, అంచు అని చాలామంది భూవిజ్ఞానులు అంటారు. ఒక సముద్రపు అడుగు నేల కిందికి దూరుతూ పోతే, పైన కరిగిన శిలాద్రవం పొంగి, నెమ్మదిగా చల్లారి గ్రానైటు అయింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కింద ఇప్పుడు జరుగుతున్నది దాదాపు అదే. తునకలు ఒకదానికొకటి అతుక్కుని, ఈ దక్షిణ భారతపు గట్టి పునాది ఏర్పడింది. ఆ పునాదికి భూవిజ్ఞానులు పెట్టిన పేరు ధార్వాడ్ క్రేటన్, హైదరాబాద్ దాని తూర్పు భాగంలో ఉంది.

నడిమధ్య చూద్దామని వచ్చిన నాకు మొదటి రోజే పాత అంచు ఎదురైంది. పై నుంచి చూస్తే కింద రైల్వే యార్డు, దాని చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ మధ్య ఎక్కడపడితే అక్కడ బోడిగుండ్లు. దిగివచ్చి తార్నాకలో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచి తినాలని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కానీ పాలు ఎక్కువ వేసి ఇచ్చే పౌనా అడగాలని మాత్రం పక్క టేబుల్ పెద్దాయన చెప్పాడు. అడగని సలహా చెప్పడం ఈ ఊరి మర్యాదల్లో ఒకటి. నాకు నచ్చింది.

జనవరి 11, గోల్కొండ, ఖాజాగూడ

గోల్కొండకు ప్రవేశ రుసుము 25 రూపాయలు. గైడు ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించాడు, ప్రతిధ్వని విన్నాం, ఇక చాలన్నాం. మేం చూడవలసింది గోడలు. కోట కట్టినవాళ్ళు గుట్టను చదును చేయలేదు. పెద్ద గుండు ఎక్కడుంటే అక్కడే గోడలో కలుపుకుని, మధ్య సందులు కట్టుకుంటూ పోయారు. ఎక్కడ కొండ ఆగి ఎక్కడ కోట మొదలైందో కొన్ని చోట్ల చెప్పలేం. రాతిలో గులాబీ రంగు, బూడిద రంగు గింజలు చేత్తో తడిమితే తెలిసేంత పెద్దవి. శిలాద్రవం నెమ్మదిగా చల్లారితేనే స్ఫటికాలు అంత పెరుగుతాయట.

వజ్రాల గురించి గైడు చెప్పింది విని మేనకోడలు ఊరుకోలేకపోయింది. గోల్కొండ వజ్రాల బజారు, గని కాదు. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఇక అవి పుట్టింది ఇంకా దూరం, కిందికి దూరం. దాదాపు 150 కిలోమీటర్ల లోతులో, అంత ఒత్తిడిలో తప్ప కర్బనం వజ్రం కాదు. అక్కడి నుంచి కింబర్లైటు అనే అగ్నిశిల మోసుకొచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఆ శిల నిండి ఉన్న గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్ళ నాటివి. తొలకరి పడగానే సీమ చేలల్లో జనం వంగి వంగి వెతికేది ఆ మోతలో జారిపడినవాటినే. గైడు ఓపికగా అంతా విని, "మేడమ్, మీరు రేపు కూడా వస్తారా?" అన్నాడు. రావద్దని అర్థమో, రమ్మని అర్థమో తెలియలేదు. రెండు వందలు ఇచ్చాం.

టోలీచౌకిలో బిర్యానీ. ప్లేటు ఇద్దరికి ఎక్కువ, మిగిలింది కట్టించుకున్నాం. ఆ పొట్లంతోనే ఖాజాగూడ గుట్టలకు బయలుదేరాం. ఫోనులో మ్యాపు మమ్మల్ని నేరుగా ఒక గేటు ముందు ఆపింది. లోపల విల్లాలు, విల్లాల వెనక గుట్ట. కాపలా మనిషి శ్రీకాకుళం వాడు, మాట వినగానే తెలిసింది. "మ్యాపు రోజూ పది మందిని ఇక్కడికే పంపుతుందమ్మా, దారి అటు" అని చెయ్యి చూపించి, మా యాస విని ఊరు అడిగి, పండక్కి సెలవు దొరకలేదని చెప్పుకున్నాడు. బిర్యానీ పొట్లం ఆయనకే ఇచ్చి వచ్చాం.

గుట్ట పైన సాయంత్రం ఎండలో ఆ రాళ్ళను చూస్తే వాటిని ఎవరో తెచ్చి పేర్చారని ఎవరైనా అనుకుంటారు. ఎవరూ తేలేదు. రాయి పగుళ్ళు గళ్ళుగళ్ళుగా ఉంటాయి, ఆ గళ్ళ మూలల్లోకి నీరు దిగి అరగదీస్తుంది. చతురస్రం గుండు అవుతుంది, మధ్య మట్టి కొట్టుకుపోతుంది, గుండు మీద గుండు నిలబడుతుంది. ఇంత కాలం నిలబడ్డవి ఇప్పుడు డ్రిల్లింగు యంత్రం ముందు నిలబడలేకపోతున్నాయి. 1996లో పుట్టిన రాళ్ళ పరిరక్షణ సంఘం పోరాటం వల్ల కొన్నింటికి వారసత్వ హోదా దక్కింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పుట్టగొడుగు రాయి అందులో ఒకటి. మిగతావాటి సంగతి మేం అక్కడ నిలబడి ఉండగానే దూరంగా ఒక పేలుడు చెప్పింది.

జనవరి 12, హబ్సిగూడ

జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అందరి నోటా ఎన్‌జీఆర్ఐ, 1961 నుంచి ఉంది. ఉప్పల్ బస్సు ఎక్కినవాళ్ళకు అది ఒక స్టాపు పేరు. మేనకోడలి సీనియరు ఒకామె అక్కడ పరిశోధన చేస్తోంది, అనుమతి కూడా ఆమే తీసుకుంది. గేటు దగ్గర ఫోన్లు, సంతకాలు, ఆధార్ కార్డు. అది దాటాక చెట్లు, నిశ్శబ్దం.

ఆమె చూపించిన వాటిలో నన్ను కట్టిపడేసింది ఒక తెల్లటి గుండ్రటి యాంటెన్నా. చూడటానికి ఏమీ లేదు. అది ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటూ తను ఎక్కడ ఉందో తానే నిరంతరం లెక్కగట్టే జీపీఎస్ కేంద్రం, ప్రపంచవ్యాప్త గొలుసులో ఒకటి. గట్టి రాతి నేల మీద బిగించారు. మరి కదలని దాన్ని కొలవడం ఎందుకు? కదులుతోంది కాబట్టి. ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్లు, ఈశాన్యంగా. యాంటెన్నా ఒక్కటే కాదు, దాని కింద రాయి, పక్కన రోడ్డు, మెట్రో స్తంభాలు, సికింద్రాబాద్, మా కోనసీమ, మొత్తం కలిసి ఒకే దిక్కుకు. నేను కాగితం మీద లెక్క వేశాను. చార్మినార్ కట్టింది 1591లో. అప్పటి నుంచి అది ఇరవై మీటర్లకు పైగా జరిగింది. నాలుగు మినార్లతో సహా, సున్నం రాలకుండా.

ఏటా జరిగే ఆ ఐదింటిలో రెండు సెంటీమీటర్ల వరకు హిమాలయాల దగ్గరే నలిగిపోతుంది, మిగతాది టిబెట్ వైపు, ఇంకా ఉత్తరానికి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు నున్నగా జరగదు కాబట్టే 2015 భూకంపంలో నేపాల్ కూలింది. ఈ ఐదు సెంటీమీటర్లు కూడా నీరసపు నడకే. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట భారత పలక ఏడాదికి పదిహేను సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. ఐదు కోట్ల ఏళ్ళ కిందట ఆసియాకు తగిలాక వేగం పడిపోయింది.

ఎందుకంత పరుగు? 2007లో ఇక్కడి శాస్త్రవేత్తలు జర్మనీ వారితో కలిసి ఒక జవాబు ప్రచురించారు. భూకంప తరంగాలతో చూస్తే ఒకప్పటి గోండ్వానా ఖండపు తునకల్లో ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల కింద పలక మందం 180 నుంచి 300 కిలోమీటర్లు ఉంది, భారత్ కింద వంద దగ్గరే తేలింది. ఖండం చీలినప్పుడు లోపలి నుంచి ఎగదన్నిన వేడి అడుగుభాగాన్ని కరిగించేసింది, తేలికపడ్డ పలక దూసుకుపోయింది అని వాళ్ళ వాదన. నాకు నిన్నటి గోల్కొండ గుర్తొచ్చింది. "వంద కిలోమీటర్ల మందమే అయితే నూట యాభై లోతు నుంచి వజ్రాలు ఎలా వచ్చాయి?" ఆమె నవ్వి, "ఆ రోజుల్లో పలక అడుగు ఇంకా లోతుగా ఉండేది, తర్వాత ఆ అడుగు కరిగిపోయింది అంటారు మావాళ్ళు. అసలు పోనేలేదు, ఇప్పటికీ మందంగానే ఉంది అనేవాళ్ళూ ఉన్నారు. వజ్రాలే వాళ్ళకు సాక్ష్యం" అంది. శాస్త్రవేత్తలు తగవు పడుతున్న చోట నిలబడటం నాకు కొత్త. మా పాఠంలో అన్నీ తేలిపోయినట్టే ఉంటాయి.

బయటికొచ్చాక ఉప్పల్ రోడ్డు పక్కన రోళ్ళు, సన్నికళ్ళు పరిచి అమ్ముతున్న కుటుంబం. భర్త ఉలితో గంట్లు పెడుతున్నాడు, భార్య బేరం చూస్తోంది. తెల్ల చుక్కల రోలు మూడు వందలు, అంతే సైజు నల్లది నాలుగు వందల యాభై. "నల్లరాయి అరగదమ్మా, పచ్చడిలో రజను రాదు" అంది ఆమె. ఆ నల్లరాయి డోలరైటు. గ్రానైటు గట్టిపడిన చాలా కాలానికి నేల సాగి చీలితే, ఆ చీలికల్లోకి కింద నుంచి ద్రవం ఎక్కి గోడల్లా గడ్డకట్టింది. హైదరాబాద్ చుట్టుపక్కల అలాంటి నల్ల గోడలు మైళ్ళ పొడవున ఉన్నాయి. వయసు రెండు వందల కోట్ల ఏళ్ళ పైమాటే. నాలుగు వందలకు తగ్గించింది. తీసుకున్నాను. రాయి ఎటు చీలుతుందో కొట్టకముందే ఎలా తెలుస్తుందని భర్తను అడిగితే, తల ఎత్తకుండా, "తడితే చప్పుడు చెబుతుంది" అన్నాడు. పొద్దున మేం చూసి వచ్చిన వాళ్ళు చేసేదీ అదే, తట్టి వినడం. జీతాలు వేరు.

జనవరి 13, అనంతగిరి

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు కారు అద్దె, పెట్రోలు, డ్రైవరు బత్తా కలిపి నాలుగు వేలు. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇదే, అన్నిటికన్నా విలువైనదీ ఇదే.

మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు. వాటి నీడలో చాలాసేపు ఎర్ర నేల, మధ్యమధ్య గుండ్లు. చేవెళ్ళ దాటాక మేనకోడలు కారు ఆపించింది. పత్తి తీసేసిన చేను. మట్టి నల్లగా, నెర్రెలు విచ్చి ఉంది. గుండ్లు మాయం. దూరంగా కొండలు కూడా గుండ్రంగా లేవు, బల్లపరుపుగా ఉన్నాయి. అంతే, గీత దాటేశాం. ఇక్కడి నుంచి పడమరకు మహారాష్ట్ర దాకా గ్రానైటు కింద, లావా పైన.

6.6 కోట్ల ఏళ్ళ కిందట, పలక పరుగెత్తుతున్న ఆ రోజుల్లోనే, ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి ఉన్నచోటి వేడిబిందువు, అంటే భూమి లోపలి నుంచి వేడి ఎగదన్నే చోటు, మీదుగా భారత్ వెళ్ళింది. నేల పగిలి లావా పొరలు పొరలుగా పరుచుకుంది. చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి అయస్కాంత దిశను పట్టుకుని ఉండిపోయాయి. 1950లలో వాటిని కొలిచి చూస్తే, ఈ రాళ్ళు భూమధ్యరేఖకు బాగా దక్షిణాన పుట్టినట్టు తేలింది. ఖండాలు కదులుతాయని 1912లో వెగెనర్ చెబితే నవ్వినవాళ్ళు ఆలోచనలో పడటానికి ఇలాంటి కొలతలే కారణం. రెండు లావా పొరల మధ్య కొన్నిచోట్ల చెరువు మట్టి చిక్కుకుంది. మేం వెళ్ళిన దారికి దగ్గర్లోనే నస్కల్ అనే ఊరు ఉంది. అక్కడి మట్టిపొరలో దొరికిన చిన్న చిన్న పళ్ళు, డైనోసార్ల కాలపు ఒక చిట్టి క్షీరదానివి, 1988లో లోకానికి తెలిశాయి. ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ మధ్య గడ్డి మొలిచి, చెరువు నిండి, ప్రాణులు తిరిగేంత తెరిపి దొరికిందన్నమాట.

వికారాబాద్ దగ్గర రోడ్డు పక్కన ఒకావిడ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె పాతిక రూపాయలు, వెల్లుల్లి కారం, పప్పు ఉచితం. పప్పు తాండూరు కందిపప్పు. ఆ రుచి గురించి నేను చెప్పేకన్నా మా డ్రైవరు తిన్న రొట్టెలను లెక్కపెడితే తెలుస్తుంది. ఆయన జహీరాబాద్ వైపు మనిషి. మేం భూమి, లావా అంటుంటే వింటూ వింటూ, "కిల్లారీ భూకంపం అప్పుడు నేను చిన్నవాణ్ణి" అన్నాడు. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగుకు కాస్త ముందు. మహారాష్ట్రలో జనం వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్న రాత్రి. వాళ్ళ ఇంట్లో అటక మీద గిన్నెలన్నీ కిందపడ్డాయట. తాతయ్య దొంగలనుకుని కర్ర పట్టుకుని లేచాడట. తీవ్రత 6.2. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన బరువైన గోడలు నిద్రలోనే దాదాపు పదివేల మంది మీద పడ్డాయి.

అది పలక నడిమధ్య. ఏ అంచుకూ దగ్గర కాదు. భూకంపాలు రావని ధీమాగా ఉన్న చోటు. తర్వాత ఎన్‌జీఆర్ఐ వాళ్ళు అక్కడ 617 మీటర్ల లోతుకు బోరు వేస్తే, 338 మీటర్ల లావా కింద, మళ్ళీ మన పాత రాయే తగిలింది. ఉత్తరాన హిమాలయం దగ్గర అడ్డుపడిన పలక వెనక నుంచి నెట్టుకుంటూనే ఉంది. ఆ నెట్టుడు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఇవతల కూడా లోపలి పాత బలహీనతల మీద పనిచేస్తుంది. ఈ ముక్క నా బోర్డు మీద ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

అనంతగిరి పైన అనంత పద్మనాభస్వామి గుడి. పండగకు ముందు రోజు కావడంతో జనం లేరు, పూజారి తీరికగా తీర్థం ఇచ్చి, మూసీ పుట్టిన చోటు చూపించారు. నేల అంతా గుల్లగుల్లగా ఇటుక రంగు. లావా పైపొర వానలకు నాని నాని అలా అయింది. మూసీ ఇక్కడ పుట్టి తూర్పుకే పోతుంది. దక్కను మొత్తం తూర్పుకు వాలి ఉంది, పడమటి అంచు చీలి పైకి లేవడం వల్ల. గోదావరి కూడా అరేబియా సముద్రానికి ఎనభై కిలోమీటర్ల దూరంలో పుట్టి, అటు పోకుండా 1465 కిలోమీటర్లు నడిచి మా దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి మొదటి భాగమంతా ఈ లావానే అరగదీసి తెస్తుంది. అంటే మా కోనసీమ కొబ్బరితోటల కింద మట్టిలో పెద్ద వాటా ఇక్కడిదే. అంతటితో ఆగలేదు మేనకోడలు. లావా కూడా స్వయంగా మా వైపు వచ్చిందట, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి అదే. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అవి ఉన్నాయి. మా పెళ్ళినాటి ఇంటి పునాది కంకర పంగిడిదే.

భోగి, నౌబత్ పహాడ్

తెల్లవారుజామున అపార్టుమెంటు ఖాళీస్థలంలో భోగిమంట. పాత తలుపు చట్రాలు, ఒక విరిగిన కుర్చీ. పక్కింటి వరంగల్ వాళ్ళు సకినాలు తెచ్చారు, వదిన పూతరేకులు ఇచ్చింది. ఇరుగుపొరుగు లెక్క సరిపోయింది.

పదకొండు గంటలకు బిర్లా విజ్ఞాన కేంద్రం. అక్కడ కోటసారస్ అనే డైనోసారు అస్థిపంజరం ఉంది. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర తవ్వితీసిన ఎముకలు, అనేక జంతువులవి కలిపి నిలబెట్టారు. వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళు. పిల్లలు తోక దగ్గర ఫొటోలు దిగుతున్నారు. ఒక తండ్రి "ఇది మన తెలుగు డైనోసారు నాన్నా" అని పరిచయం చేశాడు. అది తిరిగిన రోజుల్లో ఇక్కడి నుంచి నడిచి ఆఫ్రికాకు, అంటార్కిటికాకు పోవచ్చు. మధ్యలో సముద్రం లేదు. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట అంటార్కిటికా విడిపోయింది. ఆ చీలిక మన తూర్పు తీరం. తీరం వెంట కుంగిన చోట మేటవేసిన మట్టిలోనే కృష్ణా గోదావరి చమురు, గ్యాసు ఊరాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలు ఆకాశం ఎర్రగా చేసింది మా వాళ్ళు ఎవరూ మరిచిపోలేదు.

కోటసారస్ దొరికిన ప్రాణహిత గోదావరి లోయ కూడా ఒక చీలికే. ఖండం అక్కడ విడిపోబోయి, విడిపోలేక ఆగింది. ఆ పల్లంలో పూడిన అడవులే సింగరేణి బొగ్గు. పాత గాయం కాబట్టి ఒత్తిడి వస్తే అక్కడే సలుపుతుంది. 1969లో భద్రాచలం భూకంపం, తీవ్రత 5.7. మొన్న 2024 డిసెంబర్ 4న ములుగు, 5.3. ఆ ఉదయం తార్నాకలో ఫ్యాను ఊగితే అన్నయ్య తన రక్తపోటే అనుకున్నాడట. వదిన గ్యాసు ఆపి, తాళం వేసి, లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి, కింద నుంచి ఆయనకు ఫోను చేసిందట. ఇద్దరూ ఈ కథను వేరు వేరుగా చెబుతారు.

కనుమ, తార్నాక

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కాబట్టి మేమూ కదలలేదు. మినుము తినాలి కనుక గారెలు, కొత్త రోట్లో అల్లం పచ్చడి. రజను రాలేదు, ఆమె చెప్పినట్టే.

మధ్యాహ్నం మేనకోడలు ఫోనులో భాగహారం చేసి చూపించింది. ఏడాదికి ఐదు సెంటీమీటర్లయితే రోజుకు మిల్లీమీటరులో ఏడో వంతు. కాకి కదలకపోయినా, కాకి కూర్చున్న చెట్టు ఇవాళ కూడా అంత మేర జరిగింది. అన్నయ్య గారె నములుతూ, "అయితే పొలిమేర దాటినట్టు కాదుగా" అన్నాడు. ధర్మసందేహం అక్కడితో తీరింది.

ముక్కనుమ, ప్రగతినగర్

చివరి మజిలీ నేను కోరుకున్నది. దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం సముద్రం లేని ఈ ఊళ్ళో ఉంది. ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థ, అందులో 2007 అక్టోబర్ నుంచి ఆ కేంద్రం నడుస్తోంది. పండగ రోజుల్లో సందర్శకులను రానివ్వరు. లోపల పనిచేసే మేనకోడలి స్నేహితురాలు రాత్రి షిఫ్టు ముగించుకుని చెరువు దగ్గర టీ కొట్టుకు వచ్చింది. మచిలీపట్నం అమ్మాయి. నేను తెచ్చిన అరిసెలు అక్కడే విప్పి రెండు తినేసింది.

2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర భారత పలక కిందికి దూరే చోట దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున నేల తెగింది. తీవ్రత 9.1. అల మన తీరానికి చేరడానికి రెండు రెండున్నర గంటలు పట్టింది. అంత సమయం ఉండి కూడా ఎవరికీ కబురు లేదు. పౌర్ణమి స్నానాలకు వెళ్ళినవాళ్ళు నీళ్ళలోనే ఉన్నారు. ఆమెకు అప్పుడు ఆరేళ్ళు, మంగినపూడి వెళ్ళాల్సిన నాయనమ్మ మోకాలి నొప్పితో ఆగిపోయిందట.

ఇప్పుడు మనకు ప్రమాదం రెండు వైపుల నుంచి: తూర్పున అండమాన్ సుమత్రా అంచు, పడమర పాకిస్తాన్ తీరపు మక్రాన్. మక్రాన్ 1945లో ఒకసారి తెగింది. పెద్ద భూకంపం నమోదైన పది నిమిషాల్లోపే మొదటి సమాచారం వెళ్ళాలి, ఆ తర్వాత సముద్రం అడుగున పెట్టిన ఒత్తిడి కొలిచే పరికరాలు, రేవుల్లోని నీటిమట్టపు యంత్రాలు అల నిజంగా లేచిందో లేదో చెబుతాయి. లేవకపోతే హెచ్చరిక వెనక్కి తీసుకుంటారు. "వెనక్కి తీసుకోవడం కూడా అంతే ముఖ్యం ఆంటీ. రెండుసార్లు ఊరికే పరుగెత్తిస్తే మూడోసారి మీవాళ్ళు కదలరు" అంది.

మా అంతర్వేది నుంచి పల్లం దాకా పేర్లు చెప్పి, ఒక్కో ఊరికి ఎంత సమయం దొరుకుతుందని అడిగాను. అండమాన్ దగ్గర తెగితే ఒక లెక్క, సుమత్రా దక్షిణాన తెగితే ఇంకో లెక్క అంటూ ఆమె అరిసెల కాగితం వెనక గీయడం మొదలుపెట్టింది. టీ కొట్టు అతను ఇంకో మూడు గ్లాసులు తెచ్చి పెట్టి, తన అత్తగారిది ఉప్పాడ అనీ, ఆ ఊరికీ లెక్క చూడమనీ అడిగాడు.